ముందు ఆగడం నేర్చుకోవాలి

టీ కప్పులు పెట్టాల్సిన చోట ఆమె చక్రాల బోర్డు రెండు ముక్కలై పడి ఉంది.

నిన్న సాయంత్రం ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ ముక్కలు హాల్లో గోడకి ఆనించి ఉన్నాయి. ఆమె వాటిని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. రాత్రి అత్తగారితో కలిపి ముగ్గురి భోజనాలూ వాటి పక్కనే అయ్యాయి. ఇప్పుడు టీ కూడా వాటి పక్కనే.

"తీసెయ్యవా వాటిని?" అన్నాడు భర్త.

"ఎక్కడ పెట్టమంటారు?"

"చెత్తబుట్ట పక్కన."

"కోసింది మీరేగా. పారేసేది కూడా మీరే కానివ్వండి."

అతను ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఆ కోతలోనూ ఉద్యోగం కనిపిస్తూనే ఉంది. నిలబడి దూసుకెళ్ళే ఆ లాంగ్‌బోర్డుని టేపుతో కొలిచి, సరిగ్గా నడిమికి పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీత మీదే రంపం నడిపాడు. పొట్టు ఊడ్చేశాడు. పెచ్చులు ఎవరి చేతికీ గుచ్చుకోకుండా కోసిన అంచులకి పసుపు టేపు కూడా అంటించాడు.

ఆ టేపు చూసినప్పుడే ఆమెకి ఒళ్ళు మండింది. కోపంతో నేలకేసి కొట్టి ఉంటే ఎప్పటికైనా క్షమించేదేమో. ఇది తీరిగ్గా కూర్చుని, శ్రద్ధగా చేసిన పని.

"నీ మంచికే చేశాను," అన్నాడు అతను. "చెయ్యి విరగ్గొట్టుకుని ఎన్నాళ్ళయింది? రోజూ విరిగిన ఎముకలకి ఎక్స్‌రేలు తీసేదానివి. నీకు వేరే ఎవరైనా చెప్పాలా?"

"విరగలేదు, చిట్లింది. ఆ రోజు మణికట్టు గార్డులు మర్చిపోయి వెళ్ళాను. అది నా తప్పు. బోర్డుది కాదు."

"అదే నేననేది. మర్చిపోయేవాళ్ళు అలాంటివి ఎక్కకూడదు."

"మీ ఫ్యాక్టరీలో ఎవరైనా కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోతే మెషీన్ని రెండు ముక్కలుగా కోసేస్తారా?"

అతను కప్పు కింద పెట్టాడు. ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. కన్నీళ్ళ కోసం వెతుకుతున్నాడని ఆమెకి అర్థమైంది. ఏడిస్తే దగ్గరికి వచ్చి, తల నిమిరి, సర్లే పోనీ అనేవాడు. అక్కడితో అంతా సర్దుకుపోయేది. ఆమె కళ్ళు ఆర్పకుండా అలాగే చూస్తూ టీ తాగింది.

"ఇంకోటి కొంటే దాన్నీ కోస్తాను," అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తలుపు పడిన చప్పుడుకి లోపలి గదిలోంచి అత్తగారు వచ్చారు. రిటైరయ్యే వరకూ మోపెడ్ మీద ఊరంతా తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి. ఇప్పుడు కూడా మాట తక్కువ, నడక ఎక్కువ. ఆవిడ కొడుకు పక్షమే తీసుకుంటారని ఆమె ఎదురుచూసింది. ఆ మాటలకి జవాబులు కూడా సిద్ధం చేసి పెట్టుకుంది.

అత్తగారు ఒక ముక్కని తిప్పి చూసి, అంచున ఉన్న పసుపు టేపుని గోటితో గీరి లాగేశారు.

"ఏడ్చావా?" అన్నారు.

"లేదు."

"మంచి పని చేశావు. నా మోపెడ్ అమ్మేసినప్పుడు నేను ఏడ్చాను. వాడికి ఎంత హాయిగా అనిపించిందో! పక్కన కూర్చుని, కన్నీళ్ళు తుడిచి, 'నీ మంచికేనమ్మా' అన్నాడు." ఆవిడ ఆ టేపుని ఉండ చుట్టి బల్ల మీద పెట్టారు. "తడి రోడ్డు మీద ఒక్కసారి జారాను. మోకాలు గీసుకుపోయింది, అంతే. వారం తిరక్కుండా బండి మాయం. అప్పటి నుంచి నేను నడవలేనంత దూరం ఎక్కడికి వెళ్ళాలన్నా వాడి తీరిక కోసం కూర్చోవాలి."

ఆమె అత్తగారి కాళ్ళ వైపు చూసింది. వెడల్పాటి పాదాలు, గట్టి పిక్కలు. అప్పుడు తట్టింది ఆమెకి. అది మంచి ఆలోచన కాదని కూడా ఆ క్షణంలోనే తెలుసు. తను ఇంకో బోర్డు కొంటే అతను ఇంకో కోత కోస్తాడు. కానీ బోర్డు మీద వాళ్ళమ్మ నిలబడి ఉంటే? రంపం పట్టుకుని ఎక్కడికి వెళ్తాడు?

"అత్తయ్యా, మీరు నేర్చుకుంటారా?"

ఆవిడ నవ్వలేదు. "పడతానా?"

"పడతారు. ఎలా పడాలో కూడా నేర్పిస్తాను."

"సరే అయితే," అన్నారు ఆవిడ, కూరగాయలకి వెళ్దామంటే ఒప్పుకున్నంత తేలిగ్గా.

అతను కోసింది చెక్కని మాత్రమే. ఇరుసులూ చక్రాలూ చెక్కుచెదరలేదు. ఆమె స్పానర్ తీసి వాటిని ఊడదీసి సంచిలో వేసుకుంది. ఆ మధ్యాహ్నమే అత్తాకోడళ్ళిద్దరూ స్పోర్ట్స్ షాపుకి వెళ్ళారు.

సన్నగా, రెండు చివరలా పైకి వంపు తిరిగి, మధ్యలో ఊగే పలక ఒకటి తీశాడు షాపతను. "ఇది చూడండి మేడమ్. పిల్లలు దీని మీద డాన్స్ చేస్తున్నారు."

"ఈవిడకండీ," అంది ఆమె, అత్తగారిని చూపించి. "డాన్స్ చెయ్యరు."

"చెయ్యనని ఎవరన్నారు?" అన్నారు అత్తగారు.

షాపతను ఆ పలక పక్కన పెట్టి మిగతావి దించాడు.

ఆమె వరసగా నాలుగైదు పలకల మీద కాలు పెట్టి తొక్కి చూసింది. ఊగేవి పక్కన పెట్టించింది. చివరికి వెడల్పుగా, గట్టిగా, నేలకి బాగా దగ్గరగా ఉండేది ఎంచింది. "కిందికి ఉంటే రెండు లాభాలు అత్తయ్యా. తూగు తప్పదు. ఆపడానికి కాలు కింద పెట్టాలంటే పెద్దగా వంగక్కర్లేదు."

"చక్రాలు?"

"మన పాతవే. పెద్దవి, మెత్తవి. చిన్న గట్టి చక్రాలైతే గులకరాయి తగలగానే టక్కున ఆగిపోతాయి. మనం మాత్రం ఆగం, ముందుకి ఎగిరిపోతాం."

హెల్మెట్ దగ్గర పేచీ వచ్చింది. అత్తగారు జుట్టు చెదరకుండా దాన్ని వెనక్కి, టోపీలా పెట్టుకున్నారు. ఆమె దాన్ని ముందుకి లాగి, కనుబొమలకి కాస్త పైన నిలిపి, గడ్డం కింద పట్టీ బిగించింది. "తల ఊపండి. మీతో పాటు కదలాలి, తనంతట తను కదలకూడదు." తర్వాత మోకాళ్ళకి ప్యాడ్లు, మోచేతులకి ప్యాడ్లు, మణికట్టు గార్డులు. మణికట్టు గార్డులు మాత్రం రెండు జతలు తీసుకుంది.

అత్తగారు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. "యుద్ధానికి వెళ్తున్నట్టున్నాను," అన్నారు చివరికి.

"అవును," అంది ఆమె. ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆసుపత్రి వెనక మూసేసిన గిడ్డంగి ఒకటి ఉంది. దాని సిమెంటు పెరట్లో ఎవరూ తిరగరు. ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి అత్తగారు చీపురు పట్టుకుని రాళ్ళూ గాజుముక్కలూ ఊడ్చేసి సిద్ధంగా ఉండేవారు. ఆమె స్పానర్‌తో ఇరుసుల నట్లు బిగించింది. వదులుగా ఉంటే మలుపులు బాగా తిరుగుతాయి గానీ, కొత్తవాళ్ళ కాళ్ళ కింద చెక్క గిలగిల్లాడుతుంది.

మొదటి రోజు ఆమె అత్తగారి వెనక నిలబడి ఉన్నట్టుండి వీపు మీద చిన్నగా తోసింది.

"ఏమిటే, అత్తని తోస్తావా?"

"ముందుకి పడకుండా ఏ కాలు వేశారు?"

"కుడి."

"అయితే బోర్డు మీద కుడి కాలు ముందు. ఎడమ కాలితో తొయ్యడం, ఎడమ కాలితోనే ఆపడం."

ఆపడమే ముందు నేర్పింది. బోర్డు కదలకుండా గోడకి ఆనించి, బరువంతా ముందు కాలి మీద వేయించి, మోకాలు వంచమంది. వెనక కాలిని పక్కకి దించి, అరికాలు మొత్తం నేలకి రాసేలా, ముందు మెల్లగా, ఆ తర్వాత గట్టిగా. "ఒక్కసారిగా తొక్కితే కాలు అక్కడే ఉంటుంది, మీరు ఎగిరిపోతారు. చెప్పు అరిగినట్టు అరగాలి."

"కదలకుండానే ఎన్నిసార్లు ఆపాలే?"

"కదిలాక ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి, కాలు దానంతట అది దిగేదాకా."

రోజులు గడిచాయి. ఇంట్లో మాత్రం అతను సంతోషంగా ఉన్నాడు. భార్య నోరు మెదపడం లేదు, బల్ల ఖాళీ అయింది, తను గెలిచాననుకున్నాడు. ఒకరోజు ఆమె పళ్ళెంలో అడగకుండానే కూర వేసి, "కోపం తగ్గిందా?" అన్నాడు. "తగ్గిందండీ," అంది ఆమె. అత్తగారు తల వంచుకుని తింటూ దగ్గారు. అది దగ్గు కాదని ఆమెకి ఒక్కదానికే తెలుసు.

కాళ్ళు బిగించకుండా మోకాళ్ళు వంచి ఉంచడం, కిందికి కాకుండా వెళ్ళే వైపు చూడటం అత్తగారికి త్వరగానే పట్టుబడ్డాయి. పడటమే కష్టమైంది. చేతులు ముందుకి చాపకుండా ఎవరైనా ఎలా పడతారు? "మోకాళ్ళ మీదికి దిగిపోండి, ప్యాడ్ల మీద జారండి. చేతులు చివర. అవి కూడా ఆనించి ఆపడానికి కాదు, జారడానికి," అని పెరటి అంచు గడ్డి మీద పదేపదే పడేయించింది.

నిజంగా పడిన రోజు మాత్రం అదేదీ గుర్తు రాలేదు. చక్రం కింద తడి ఆకు పడింది. అత్తగారు పక్కకి ఒరిగి, దబ్బున పడ్డారు. హెల్మెట్ సిమెంటుకి టప్పుమని తగిలింది.

ఆమె పరుగెత్తింది. మణికట్టు నొక్కి చూసింది, భుజం కదిపి చూసింది, కళ్ళ ముందు వేళ్ళు చూపించి లెక్కపెట్టమంది. ఏమీ కాలేదు. హెల్మెట్ మీద మాత్రం పొడుగాటి గీత పడింది.

"ఇది మళ్ళీ వాడకూడదు అత్తయ్యా. ఒకసారి దెబ్బ తింటే దాని పని అయిపోయినట్టే. కొత్తది తెస్తాను."

అత్తగారు కూర్చునే ఆమె మొహం చూస్తూ ఉన్నారు. "ఎందుకలా పాలిపోయావు? నాకేమైనా అయిందనా, లేక వాడికేం చెప్పాలా అనా?"

నిజం రెండోదానికే దగ్గరగా ఉంది.

"నాకు తెలుసులే," అన్నారు అత్తగారు గార్డుల పట్టీలు సర్దుకుంటూ. "వాడి మీదికి విసరడానికే నన్ను తయారు చేస్తున్నావు. విసురు. నాకూ వాడి మీద కోపం ఉంది. కానీ అమ్మాయ్, ఇంట్లో వాడి ముందు ఈ చెక్క ఎక్కితే ఏమవుతుంది? అరుస్తాడు, తలుపేసుకుంటాడు, అయిపోతుంది. అంతేనా మనం చేసేది?"

"మరి?"

"వాళ్ళ ఫ్యాక్టరీ గేటు ముందు."

ఆమె అత్తగారి వైపు కొత్తగా చూసింది. ఈ మనిషితో ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ తప్ప ఏమీ మాట్లాడలేదు.

వారానికి ఒకసారి షిఫ్టు మారే వేళ అతను గేటు బయట కార్మికులందర్నీ నిలబెట్టి జాగ్రత్తల గురించి ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసం ఉన్న రోజు పొద్దున్నే వాళ్ళిద్దరూ వెళ్ళి గేటు ముందు నుంచి పోయే రోడ్డంతా నడిచి చూసుకున్నారు. గేటుకి ఇవతల దారి బల్లపరుపుగా, నున్నగా ఉంది. గేటు దాటాక కిందికి వాలి, మలుపు తిరిగి, లారీలు పరుగెత్తే పెద్ద రోడ్డులో కలుస్తుంది.

"అటు మాత్రం పోకూడదు," అంది ఆమె. "చివర కనిపించని వాలు ఎక్కనే ఎక్కకూడదు. గేటుకి బాగా ఇవతలే ఆగిపోవాలి. మలుపులో ఏముందో మనకి తెలీదు."

సాయంత్రం అతను గేటుకి ఇవతల ఉన్న మెట్టు మీద నిలబడి, వేలు ఆడిస్తూ, "ప్రమాదం మనకి చెప్పి రాదు," అంటున్నాడు. సరిగ్గా అప్పుడు వరసలో చివరివాళ్ళు తలలు తిప్పారు. తర్వాత మధ్యవాళ్ళు. తర్వాత అందరూ.

అత్తగారు వస్తున్నారు. హెల్మెట్, ప్యాడ్లు, వంచిన మోకాళ్ళు, నిదానంగా, సూటి చూపుతో, ఉత్తరం ఇవ్వడానికి వస్తున్నట్టే. వెనకాలే ఆమె నడుచుకుంటూ వచ్చింది. అరికాలు రోడ్డుకి రాసుకున్న చప్పుడు పొడుగ్గా వినిపించింది. బోర్డు అతని మెట్టు ముందు, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది.

"ఏరా," అన్నారు అత్తగారు. "పడలేదు, చూశావా?"

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అది వరసంతా పాకింది. ముందున్న వెల్డరు గొంతు పెంచి, "పెద్దమ్మకి అన్నీ ఉన్నాయి సార్! మా సెక్షన్లో గ్లవ్స్ కూడా లేవు," అన్నాడు. నవ్వులు ఘొల్లుమన్నాయి.

భర్త మొహం ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడటం ఆమె తృప్తిగా చూసింది. ఎన్నాళ్ళుగానో ఆకలిగా ఉన్నదాన్లా చూసింది.

అతను మెట్టు దిగి ఆమె దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున అన్నాడు. "ఇంటికి పద, చెప్తాను."

"ఇక్కడే చెప్పండి. మీ మాటలు వినడానికే కదా వీళ్ళంతా నిలబడ్డారు."

"మా అమ్మకి ఏమైనా అయ్యుంటే?"

"ఏమీ అవ్వకుండా ఎలాగో నేర్చుకున్నారు. మీకు అది నచ్చడం లేదు, అంతే."

"నేర్చుకున్నారట!" అతను కార్మికుల వైపు తిరిగి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతో ఎవరూ కలవలేదు. "ముసలమ్మ చేసేదాన్ని విద్య అంటారా? చెక్క మీద నిలబడటమేగా. జరుగమ్మా."

అత్తగారు బోర్డు దిగి పక్కకి జరిగారు. అతను దాన్ని బూటుతో తన్ని తిప్పాడు. బోర్డు ముందు కొస గేటు అవతలికి, వాలు వైపుకి తిరిగింది.

"హెల్మెట్ పెట్టుకోండి," అంది ఆమె.

అంది, నిజమే. వినగానే అతను చచ్చినా పెట్టుకోకూడదనుకునే గొంతుతో అంది. ఆ గొంతు తనదేనని ఆమెకి తెలుసు. అత్తగారికి కూడా తెలిసినట్టుంది, చటుక్కున ఆమె వైపు చూశారు.

"నాకు నువ్వు చెప్పాలా జాగ్రత్తలు?" అంటూ అతను ఒక కాలు వేసి, రెండో కాలితో బలంగా రెండు తోపులు తోసి ఎక్కేశాడు.

గేటు దాటింది బోర్డు. మొదట అంతా బాగానే ఉంది. చెయ్యి కూడా ఊపాడు. వరసలోంచి ఒకరిద్దరు ఈల వేశారు. ఆ తర్వాత వాలు అందుకుంది.

కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. నడుం వెనక్కి వాలింది, బరువంతా వెనక కాలి మీద. కళ్ళు కింద చక్రాల మీద. తను అత్తగారికి మొదటి రోజే వద్దని చెప్పిన ప్రతిదీ అతను వరసగా చేస్తున్నాడు. చెక్క అటూ ఇటూ వణకడం మొదలుపెట్టింది.

"ఏయ్!" అని అరిచాడు. గొంతు మారిపోయింది. "ఇది ఎలా ఆపాలి?"

"కాలు దింపరా! వెనక కాలు!" అని అత్తగారు కేకలేస్తూ రెండడుగులు పరుగెత్తారు. కార్మికుల అరుపుల్లో ఆ కేక కలిసిపోయింది. అతను వినలేదు, తల తిప్పలేదు. పిలుస్తున్నది భార్యని.

"ఎలా ఆపాలో చెప్పు! నిన్నే!"

పెళ్ళైనప్పటి నుంచి అతను ఆమెని ఎప్పుడూ సలహా అడగలేదు. చెప్పడమే తప్ప అడగడం తెలీదు. ఇదే మొదటిసారి.

ఇంకా వేగం అందుకోలేదు. ఇప్పుడైతే ముందుకి దిగి నాలుగడుగులు పరుగెత్తితే చాలు. కొంచెం ముందుకి పోతే అది పనికిరాదు, కాలు రాసి ఆపడమే. ఇంకొంచెం పోతే అదీ చేతకాదు. అన్నీ తెలుసు ఆమెకి. చెప్పాల్సింది ఒక్క మాట. అది నాలుక చివరే ఉంది, తియ్యగా ఉంది.

అత్తగారు వెనక్కి తిరిగారు. ఆవిడ మొహంలో పోస్టు పంచిన ఆడమనిషి లేదు, పగ తీర్చుకోవాలనుకున్న తోడు లేదు. "చెప్పవే," అన్నారు. "నా మాట వాడెప్పుడు విన్నాడు? నీ నోటితో నువ్వే చెప్పు."

మలుపు అవతల ఎక్కడో లారీ హారన్ మోగింది.

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. దిగి పరుగెత్తే వేళ దాటిపోయింది. ఇక మిగిలింది కాలు రాసి ఆపడం ఒక్కటే.